దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం రాదు

సంపాదకులకు,

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుని 900తో భాగించి, ప్రయాణం ఇంతసేపే అని పత్రికల్లో తరచూ వేసేస్తున్నారు. ఆ లెక్క నమ్ముకుని మధ్యలో విమానం మారాలనుకున్నవాళ్లు చిక్కుల్లో పడతారు.

ముందు దూరం సంగతి. పట్టికల్లో ఉండేది భూగోళం వంపు మీద కొలిచిన అతి దగ్గరి దారి. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. రన్‌వే దిశ, నిర్ణీత మార్గాలు, మూసేసిన గగనతలం, ఉరుముల మబ్బులు దాన్ని పక్కకు తిప్పుతాయి. విమానయానంలో, నౌకాయానంలో వాడే నాటికల్ మైలును మామూలు మైలుగా తీసుకోవడం మరో పొరపాటు. మొదటిది 1.852 కిలోమీటర్లు, రెండోది 1.609.

సమయం విషయంలో పెత్తనమంతా గాలిదే. న్యూయార్క్, లండన్‌ల మధ్య సుమారు 5,550 కిలోమీటర్లు. పడమటి నుంచి చాలా ఎత్తులో జోరుగా వీచే గాలి ప్రవాహం, అంటే జెట్ స్ట్రీమ్, వెనక నుంచి తోస్తుంది కాబట్టి లండన్‌కు దాదాపు 7 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై, 8 గంటలు చాలకపోవచ్చు. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

టికెట్‌పై వ్యవధి గేటు నుంచి గేటుకు లెక్క. 1,700 కిలోమీటర్లయితే గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి 2 గంటలు అనుకోండి. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడానికి, పైకెక్కి దిగడానికి మరో 30 నుంచి 40 నిమిషాలు కలపాలి. బయలుదేరే, చేరే వేళలు ఎక్కడికక్కడ స్థానిక కాలంలో ఉంటాయి. రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ఒకటిగా పాటించే ప్రామాణిక కాలంలోకి, మార్చాకే చేరే వేళలోంచి బయలుదేరే వేళను తీసివేయాలి.

దయచేసి పట్టికల్లో రానూపోనూ సమయాలు విడివిడిగా వేయండి.

– ఒక పాఠకుడు