డోలీ ఫొటో వేశారు సరే, ఆస్పత్రిలో డాక్టరు సంగతేమిటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటో వేసి, గిరిజనులకు డోలీ మోతలు తప్పడం లేదని రాశారు. ఆ రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలనే అనుకుంటున్నాను. వార్త వేసినందుకు మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మీరు వేయకపోతే ఆ కాస్త కదలిక కూడా ఉండదు. కానీ ఏళ్ల తరబడి అదే ఫొటో, అదే హెడ్డింగు. చివర్లో రోడ్డు వేయాలని గ్రామస్థులు కోరుతున్నారని ఒక వాక్యం. ఆమెను రోడ్డు దాకా మోశారు, 108 ఎక్కించారు, అక్కడితో వార్త అయిపోయింది. ఆమెను ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు? అక్కడ కాన్పు చేసే డాక్టరు ఉన్నారా? తల్లీబిడ్డా ఇల్లు చేరారా? ఇవి ఎందుకు అడగరు?

రోడ్లు అక్కర్లేదని నేననడం లేదు. అడవి తల్లి బాట పేరుతో 2025లో మొదలైన పనుల వల్ల కొన్ని ఊళ్లకు మొదటిసారి బండి వెళ్తుందంటే మాకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు? ఆ పనులు మధ్యలో ఆగకుండా పూర్తి కావాలి. అయితే రోడ్డు పడితే వైద్యం వచ్చేసినట్టేనని అధికారులూ పత్రికలూ కలిసి జనాన్ని నమ్మిస్తున్నారు. నా బాధంతా అదే.

మా ఊరికి తారురోడ్డుంది. నిరుడు వానాకాలంలో మా పక్కింటి కోడలికి నొప్పులొస్తే 108 గుమ్మం ముందుకే వచ్చింది. తొలిచూలు. మొదట వెళ్లిన చోట బీపీ చూసి, ఇక్కడ కుదరదని చీటీ రాసిచ్చారు. రెండో చోట గైనకాలజిస్టు ఉన్నారు గానీ మత్తు డాక్టరు సెలవులో ఉన్నారు. మళ్లీ చీటీ. స్కానింగు కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మొగుడు ఒక్కో కిటికీ దగ్గరికీ పరిగెత్తాడు. ఆ పిల్లకు వాళ్ల కువి భాష తప్ప తెలుగు సరిగా రాదు. నర్సు ఏమడిగినా ఆశా కార్యకర్త మొహం వైపే చూసేది, ఆమె కొంగు వదల్లేదు. ఆ ఆశాయే దారంతా ఆమెకు ధైర్యం చెప్పింది, చెప్పాల్సిన మాటలన్నీ డాక్టర్లకు చెప్పింది. అర్ధరాత్రి ఘాట్‌రోడ్డు దిగి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ రోజు డోలీ ఎవరూ మోయలేదు కాబట్టి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క రాలేదు.

సిజేరియన్ చేయాలంటే గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఉండాలి. నిల్వ ఉంచిన రక్తం ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావన్నీ ఉండి ఏం లాభం? కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. మా జిల్లా కేంద్రం పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్ వంద కిలోమీటర్లకు పైనే. పాడేరు దాటి పైనున్న ఊళ్లవాళ్లకు ఇంకెంత? 1923లో మొదలైన ఆ ఆస్పత్రే నేటికీ మా ఆఖరి దిక్కు. 2022లో మాకంటూ వేరే జిల్లా ఏర్పడింది. 2024లో పాడేరులో వైద్య కళాశాల మొదలైంది. చాలా ఆశ పెట్టుకున్నాం. కాలేజీ అన్నాక చదువు చెప్పే డాక్టర్లు రాత్రిళ్లు కూడా వార్డులో ఉండాలి, పోస్టులు కాగితం మీద ఉంటే చాలదు.

డాక్టర్లు ఇక్కడికి రారండీ అంటారు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. వానలో గెడ్డ దాటి వచ్చి జ్వరాల క్యాంపు పెట్టిన కుర్ర డాక్టర్లను నేను కళ్లారా చూశాను. వాళ్లు ఉండిపోవడానికి మనమేం చేశామో ప్రభుత్వం చెప్పాలి. కారని క్వార్టరు, కరెంటు, పిల్లలకు బడి, మైదానంలో కంటే ఎక్కువ జీతం, ఇన్నేళ్లు చేస్తే కోరుకున్న చోటికి బదిలీ అని రాతపూర్వకమైన హామీ. ఇవేవీ లేకుండా పంపిస్తే పీజీ సీటు రాగానే పోక ఏం చేస్తారు? వాళ్లకంటే నాకు కోపం డిప్యుటేషన్ల మీద. పోస్టు ఏజెన్సీలో, డ్యూటీ మైదానంలో. ఇక్కడ ఖాళీ లేనట్టే లెక్క, కానీ మనిషి ఉండరు. సంతకాలు పెట్టి పంపించే పెద్దలకు ఇది తెలియదా? దీని మీద అర్జీ పెడితే ఏ విచారణా లేకుండానే పరిష్కారమైందని సెల్‌కు మెసేజ్ వస్తుంది. ఒకప్పుడు అధికారి ఊరికి వస్తే చెట్టు కింద కూర్చుని నలుగురితో మాట్లాడి వెళ్లేవారు. ఇప్పుడు ఫొటో దిగేవరకే ఉంటున్నారు.

ఇంకో మాట. గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒక ఉపకేంద్రం, ఇరవై వేల మందికి ఒక పీహెచ్‌సీ అని నిబంధన. మైదానంలో ఐదు వేలు, ముప్పై వేలు కదా, మీకు తక్కువకే ఇచ్చాం అంటారు. మైదానంలో మూడు వేల మంది ఒకే ఊళ్లో ఉంటారు. ఇక్కడ అంతమంది కావాలంటే ఎన్ని కొండలు ఎక్కి దిగాలి! ఒక్క ఏఎన్ఎం టీకాల పెట్టె భుజాన వేసుకుని అవన్నీ తిరగాలి. జనాభాను కాదు, నడకను లెక్కేయండి. అరగంట నడిస్తే అందేలా ఉపకేంద్రం ఉండాలి. 108కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి, వాటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

సాలూరులో గిరిజన గర్భిణులకు వసతి గృహం పెట్టారు. నెలలు నిండే ముందే తీసుకొచ్చి, తిండి పెట్టి, కాన్పుదాకా చూసుకునే పద్ధతి. డోలీ మోతలు తగ్గాలంటే రోడ్డు పడేలోపు మన చేతిలో ఉన్న మంచి దారి ఇదే. ఇలాంటివి ప్రతి మండల కేంద్రంలో నడవాలి. పిలిచినా గర్భిణులు రావట్లేదని సిబ్బంది అంటారు. ఎలా వస్తారు? ఇంట్లో చిన్నపిల్లలు, పోడులో పని, వెంట వచ్చే అత్తకో అమ్మకో కూలి పోతుంది. పెద్ద పిల్లను కూడా తెచ్చుకోనివ్వండి, తోడొచ్చినవాళ్లకు కూలి కట్టివ్వండి, వాళ్ల భాష తెలిసిన మనిషిని పెట్టండి, అప్పుడూ రాకపోతే అడగండి. అలాగే ఊరూరా తిరిగి వైద్యం చేసే 104 బండిని వారపు సంత రోజున సంతలో నిలపండి. కొండల మీది జనమంతా ఆ రోజు ఎలాగూ దిగుతారు. బీపీ, రక్తహీనత పరీక్షలు అక్కడే అయిపోతాయి. 2047 నాటికి సికిల్ సెల్ అనే రక్తవ్యాధిని నిర్మూలిస్తామని కేంద్రం 2023లో మిషన్ పెట్టింది కదా, ఆ పరీక్షలకూ మందులకూ సంతకు మించిన చోటు ఏముంది?

మీకు ఒక విన్నపం. ఈసారి డోలీ ఫొటో వచ్చినప్పుడు విలేకరిని ఆ 108 వెనకే ఆస్పత్రికి పంపండి. ఆ రాత్రి డ్యూటీలో ఎవరెవరున్నారు, ఎవరు లేరు, ఎందుకు లేరు, రక్తం ఉందా అన్నది రాయండి. ఏజెన్సీలోని ఒక్కో ఆస్పత్రిలో మంజూరైన స్పెషలిస్టు పోస్టులెన్ని, నిజంగా పనిచేస్తున్నది ఎందరు, డిప్యుటేషన్ మీద వెళ్లింది ఎందరు అనే పట్టికను నెలకోసారి జిల్లా పేజీలో వేయండి. వివరాలు ఇవ్వం అని అధికారులంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మీరు పెట్టకపోతే నేను పెట్టి తెప్పించి పంపుతాను, వేస్తానని మాటివ్వండి చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
అల్లూరి సీతారామరాజు జిల్లా