సోడాబుడ్డికి తలంబ్రాల కబురు

ఒరేయ్ సోడాబుడ్డీ,

జవాబు ఆలస్యమైంది, నీ ఇష్టం వచ్చినంత తిట్టుకో. అమ్మ మోకాలు కాస్త నయం. నాన్నగారు పెన్షన్ కాగితాలతో కుస్తీ పడుతున్నారు. నా ఉద్యోగం ఉన్నచోటే ఉంది. ఇక అసలు కబురు విను.

తణుకులో పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. ఫోటోలు తీసే ఆయన వీడియో వాళ్ళతో గొడవలో పడి, సరిగ్గా తలంబ్రాల వేళకు కెమెరాను తన కుర్రాడి చేతిలో పెట్టి వెళ్ళాడు. వాడు పైన ఫ్లాష్ బిగించి ‘ఏవీ’ మోడ్‌లో, అంటే ఎపర్చరు (లెన్స్ కంత) మనం పెడితే షట్టర్ వేగం కెమెరాయే చూసుకునే పద్ధతిలో కొట్టాడు. మండపం దీపాలు బ్రహ్మాండంగా వచ్చాయి, పెళ్ళికూతురి చేతులు మాత్రం చెదిరిపోయాయి. కంగారుగా ‘పి’కి, అంటే ఆ రెండూ కెమెరాకే వదిలేసే మోడ్‌కి తిప్పాడు. చేతులు నిలిచాయి కానీ వెనుక మండపమంతా తారు పూసినట్టుంది. “ఫ్లాష్ పాడైందండీ” అన్నాడు ఏడుపు మొహంతో.

పాడవడం ఏమిటి! అది కెనాన్. ఏవీలో ముందు మండపం వెలుగును కొలిచి, దానికి సరిపడా షట్టర్ తెరిచి ఉంచుతుంది. అక్కడ 1/10 సెకను పట్టింది. ఫ్లాష్ ఉన్నది నీడలు నింపడానికే అనుకుంటుంది. పిలో ఫ్లాష్ వేస్తే షట్టర్ 1/60 కంటే కిందికి దిగదు, కాబట్టి వెనుక వెలుగు చాలదు. ఒక్క ఫోటోలో రెండు ఎక్స్‌పోజర్లురా! మండపం వెలుగు షట్టర్ మాట వింటుంది. ఫ్లాష్ వినదు, షట్టర్ మూసుకునే లోపే మెరిసి ఆరిపోతుంది. ఎపర్చరు, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) మాట మాత్రం రెండూ వింటాయి.

అన్నీ మనమే పెట్టుకునే ‘ఎం’కు తిప్పించి ఎపర్చరు అదే ఎఫ్/4, షట్టర్ 1/80 పెట్టించాను, 400 ఉన్న ఐఎస్ఓను 1600 చేయించాను. ఫ్లాష్‌ను మాత్రం టీటీఎల్‌కే, అంటే లెన్స్ గుండా వచ్చే వెలుగును కొలిచి ఎంత మెరవాలో కెమెరాయే తేల్చే పద్ధతికే వదిలేయమన్నాను. మండపం వెలుగు ఒక మెట్టు, అంటే సగానికి తగ్గినా నిండుగానే వచ్చింది. అయితే ఇద్దరి మధుపర్కాలూ మాసినట్టున్నాయి! వెలుగు కొలిచే మీటరుకు తెలుపూ నలుపూ తెలియవు, అన్నిటినీ నడిమి బూడిద రంగుకే లాగుతుంది. ఫ్లాష్ ముందొక చిన్న మెరుపు కొట్టి, తెల్లబట్ట నుంచి వెలుగు ఎక్కువగా తిరిగొచ్చిందని అసలు మెరుపును తగ్గించేస్తుంది. అందుకే ఫ్లాష్ కాంపెన్సేషన్ +1 చేయించాను, అంటే మెరుపును ఒక మెట్టు పెంచమన్నమాట.

ఇంకా ఫోకస్ మిగిలింది. వధూవరులు కదులుతున్నారని వాడు కదిలేవాటిని వెంటాడే సర్వో ఫోకస్‌లో పెట్టుకున్నాడు. అందులో ఫ్లాష్ ముందుండే ఎర్ర కిరణం సాయానికి రాదు, ఆ మసకలో లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటోంది. ఒక్కసారి ఫోకస్ పట్టి ఆగిపోయే వన్ షాట్‌కు మార్చగానే టక్కున పట్టేసింది.

ఆ తర్వాతి ఫోటో నువ్వు చూడాలి. దోసిలి నుంచి రాలుతున్న పసుపు బియ్యం గింజ గింజా విడివిడిగా, థర్మోకోల్ గుండ్లతో సహా గాలిలో ఆగిపోయాయి. పెళ్ళికొడుకు ఒక కన్ను మూసుకున్నాడు. వెనుక డోలు మీద బిగించిన తాళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. కుర్రాడు నా చేయి పట్టుకుని వదలలేదు.

అంతలో ఆ పెద్దమనిషి వచ్చాడు. తెర వైపు కూడా చూడకుండా కెమెరా లాక్కుని మళ్ళీ పికి తిప్పేశాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. పనసపొట్టు కూర లేకపోతే ఆ రాత్రే బస్సెక్కేవాణ్ణి.

రిసెప్షన్ సంగతి ఇంకా ఉంది. అక్కడివన్నీ పసుపు బల్బులు, ఫ్లాష్ వెలుగేమో తెలుపు. ఆ కుర్రాడు ఏం చేశాడో తెలుసా, నారింజ రంగు కాగితం ఒకటి… ఆటోవాడు వచ్చేశాడు, నాన్నగారిని బ్యాంకుకు తీసుకెళ్ళాలి. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
డార్క్‌రూమ్ దొర