క్రిస్మస్‌కు వచ్చే కొత్తవారి కోసం

సంఘ సభ్యులందరికీ వందనాలు.

డిసెంబరు 25, ఉదయం 9 గంటలకు క్రిస్మస్ ఆరాధన. ఇతర రోజుల్లో మందిరానికి రాని ఇరుగుపొరుగువారు కూడా ఆ రోజు వస్తారు.

పోయిన ఏడాది ఒక పెద్దావిడ చెప్పులు ఎక్కడ విడవాలో, ఎటువైపు కూర్చోవాలో తెలియక చివరిదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. చూసి మనసు చివుక్కుమంది. ఈసారి అలా జరగనివ్వొద్దు.

యువకులు 8:15కే గేటు దగ్గర ఉండండి.
వెనక వరుసలు కొత్తవారికి వదలండి, ముందు కూర్చోవడానికి మొహమాటపడతారు.
పాట సంఖ్య చెబితే చాలదు, పుస్తకం తెరిచి చేతికివ్వండి. వాక్యం లూకా 2వ అధ్యాయం, అదీ తీసి చూపండి.
కానుకల సంచి వారి ముందు ఆపవద్దు.
బాప్తిస్మం గురించి అడగవద్దు. పేరు అడిగి, భోజనానికి కూర్చోబెట్టండి.

ఏ పని తీసుకుంటారో 22వ తేదీలోగా ఇక్కడే రాయండి. వడ్డనకు ఇంకా నలుగురు కావాలి.