బుజ్జీ, వాచీలు కొనేముందు ఇది చదువు

కర్నూలు,
ఆదివారం సాయంత్రం.

బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలు ముదిరాయి. పన్నెండు దాటితే రాజ్‌విహార్ సెంటర్‌లో కూడా జనం పలచబడుతున్నారు. మొన్న ఫోన్‌లో అడిగావు కదా, ఆఫర్ అయిపోయేలోపు స్మార్ట్‌వాచీలు మూడు తీసుకుంటా, నాకొకటి, నాయనకొకటి, జేజికొకటి, ఏమంటావని. నేను రెండు మాటలు చెప్పేలోపే నీకు మీటింగ్ వచ్చేస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ముందే చెప్పేస్తా, మూడు వద్దు. జేజికి అసలే వద్దు. నాయనకు నువ్వు చూసినంత ఖరీదుది వద్దు. నీ సంగతే కొంచెం మాట్లాడాలి.

జేజిది త్వరగా తేలిపోతుంది. మనిషి పడిపోతే తనంతట తానే ఫోన్ చేసే వాచీ ఆమెకు కొందామనుకున్నావు. యాపిల్‌లో 2018 నుంచి ఉంది ఆ సౌకర్యం, మంచిదే. కానీ దాన్ని నడపడానికి ఇంట్లో ఒక ఐఫోన్ ఉండాలి, రోజూ చార్జింగ్ పెట్టాలి. జేజి దగ్గరున్న బటన్ల ఫోనుకే నేను గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెడుతున్నా. పైగా ఆమె ముంజేతుల నిండా పచ్చబొట్లు. వాచీ అడుగున ఆకుపచ్చగా మెరిసే లైటు చూసుంటావు. ఆ వెలుతురు చర్మంలోకి పోయి వెనక్కి వస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం పెరుగుతుంది. రక్తం ఆకుపచ్చ వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి వెనక్కి వచ్చేది తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు లెక్కపెట్టి నాడి ఇంత అని చూపిస్తుంది. మధ్యలో పచ్చబొట్టు సిరా అడ్డం పడితే లెక్క తప్పొచ్చని యాపిల్ వాళ్లే చెప్పుకున్నారు. ఇక మట్టిగాజుల సంగతి. అవి తీసి వాచీ పెట్టుకోమని చెప్పే ధైర్యం నీకుంటే నువ్వే వచ్చి చెప్పు. ఆ డబ్బులో పదో వంతుతో బాత్‌రూమ్ గోడకు పట్టుకునే స్టీల్ కడ్డీ వేయిద్దాం. తుంటి విరిగి మా ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్లలో చాలామంది బాత్‌రూమ్‌లో జారినవాళ్లే.

మీ నాయన విషయంలో నీ ఆలోచన నాకు అర్థమైంది. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, చూపించుకోమంటే వాయిదాలు వేస్తాడు, చేతికి వాచీ ఉంటే అన్నీ అదే చూస్తుంది కదా అని. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. రెండు వేలకే బీపీ, ఆక్సిజన్, నిద్ర, టెన్షన్ అన్నీ చూపిస్తామని డబ్బా మీద రాసుకున్న వాచీలు బోలెడు. మా వార్డు కుర్రాడొకడు అట్లాంటిదే కొని, వచ్చీపోయే అందరికీ పెట్టి చూపిస్తుండేవాడు. నేను దాన్ని తీసుకుని సెలైన్ సీసాకు చుట్టి, పట్టీ బిగించా. కాసేపు ఆలోచించి 74 చూపించింది. పక్క బెడ్డు ఆయన కడుపు కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. అది ఆ వాచీ తప్పని కూడా అనను. లైటు దేని మీద పడి తిరిగొచ్చినా దానికి ఏదో ఒక అంకె కట్టడమే తెలుసు, ఎదురుగా ఉన్నది మనిషా కాదా తెలియదు.

బీపీ ఇంకా మోసం. ఓపీకి ఒకాయన వచ్చాడు, తలనొప్పి అని. బీపీ చూస్తానంటే, అక్కర్లేదమ్మా, రోజూ వాచీలో చూసుకుంటున్నా, 120, 80 అన్నాడు. పట్టీ కట్టి చూస్తే 170 మీద ఉంది. వాచీని నమ్మి మాత్రలు మానేశాడట. బీపీ అంటే రక్తం నాళాన్ని నెట్టే బలం. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, కాసేపు రక్తాన్ని ఆపి వదిలితే అది తెలుస్తుంది. మణికట్టు మీద లైటు వేసి చూసేది అంచనా మాత్రమే. శాంసంగ్ వాచీలో బీపీ చూసే ఏర్పాటు ఉంది, కానీ అసలు బీపీ మిషన్‌తో 28 రోజులకోసారి దానికి లెక్క సరిచేయాలని ఆ కంపెనీయే చెబుతుంది. ఎట్లాగూ మిషన్ ఇంట్లో ఉండాల్సిందే అన్నమాట. అట్లాంటప్పుడు ఆ మిషన్ కొంటే చాలదా?

షుగర్ సంగతి సరేసరి. సూది గుచ్చకుండా షుగర్ చూపించే వాచీలు, ఉంగరాలు వాడొద్దని, అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అట్లాంటి వస్తువు ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. జబ్బకు అంటించుకునే సెన్సర్ వేరు. దానికి చిన్న తీగ చర్మం కిందికి పోతుంది, వాచీ ఆ అంకెను చూపిస్తుందంతే. ఈ తేడా తెలియక ఎవరైనా వాచీని చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పి, మీ నాయనకు ఒకటి కొనమనే అంటున్నా. ఎందుకో విను. శ్రీశైలం ఘాట్‌లో ఇంజన్ పక్కన కూర్చుని బస్సు నడిపీ నడిపీ ఆయనకు ఎడమ చెవి సరిగా వినబడదని నీకు తెలుసు. ఫోన్‌లో అలారం పెడితే అది చొక్కా జేబులో మోగుతూనే ఉంటుంది, ఈయన అరుగు మీద పేపర్ చదువుకుంటూనే ఉంటాడు. మధ్యాహ్నం అన్నంతో వేసుకునే షుగర్ మాత్ర వారంలో సగం రోజులు మర్చిపోతాడు. నేను డ్యూటీలో ఉంటే గుర్తుచేసేవాళ్లు లేరు. పక్కింటి మాస్టారి వాచీ ఒకరోజు ఆయన చేతికి పెట్టి, అలారం పెట్టి చూశాం. మణికట్టు మీద గర్రుమనేసరికి ఉలిక్కిపడి, దాన్ని ఒకసారి, నన్నొకసారి చూసి, లేచి వెళ్లి మాత్ర వేసుకున్నాడు. నాకు ఆ గర్రు చాలు. దానికి పాతిక వేలు పెట్టక్కర్లేదు, రెండు వేలది సరిపోతుంది. అంకెలు పెద్దగా కనిపించాలి, ఎండలో కూడా తెలియాలి, చార్జింగ్ వారం దాకా రావాలి. డబ్బా మీద బీపీ అని పెద్ద అక్షరాలతో ఉంటే మాత్రం ఆ ఒక్క కారణానికే పక్కన పెట్టెయ్. అది ఇంట్లో ఉంటే ఈయన దాన్నే చూసుకుంటాడు, నా మాట వినడు.

మిగిలిన దాంట్లో జబ్బకు చుట్టే బీపీ మిషన్ మంచిది ఒకటి కొను. పట్టీ సైజు చూసి కొనాలి, లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఎట్లా చూసుకోవాలో నేను నేర్పిస్తాలే. అయిదు నిమిషాలు కుదురుగా, వీపు ఆనించుకుని కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, అరగంట ముందు కాఫీ తాగకూడదు. మూడోది కష్టం.

ఇప్పుడు నీ సంగతి. నీకు రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఈసీజీ తీసేది నలభై వేల పైన, మామూలుది నాలుగైదు వేలలో. ఈసీజీ అన్నారు కదా అని మా దగ్గర తీసేదే అనుకోకు. మేం ఛాతీకి, కాళ్లకు, చేతులకు తగిలించి పన్నెండు వైపుల నుంచి చూస్తాం, వాచీ ఒక్కవైపు నుంచి చూస్తుంది. గుండె లయ తప్పితే పట్టుకోగలదు, గుండెపోటును పట్టుకోలేదు. ఎవరికైనా ఛాతీ బిగపట్టి చెమటలు పోస్తుంటే వాచీ ఏమంటోందని చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్.

లయ తప్పడం గురించి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పెద్ద పరిశోధన ఒకటి 2019లో అచ్చయింది. యాపిల్ వాచీ పెట్టుకున్న 4 లక్షల 19 వేల మందిని గమనించారు. హెచ్చరిక వచ్చింది మొత్తం మీద 0.52 శాతం మందికి. 65 దాటిన వాళ్లలో మూడు శాతం, నీలాగా 40 లోపు వాళ్లలో 0.16 శాతం. అంటే నీ వయసు వాళ్లు వెయ్యిమంది పెట్టుకుంటే హెచ్చరిక ఇద్దరికి కూడా రాదు. వచ్చినవాళ్లకు తర్వాత ఛాతీకి ఈసీజీ తీసే ప్యాచ్ అంటించి చూస్తే మూడోవంతు మందిలో లయ తప్పే జబ్బు దొరికింది. అది వచ్చిపోతూ ఉండే జబ్బు కాబట్టి మిగతావాళ్లకు లేదని కూడా ఖాయంగా చెప్పలేం. మరి ఇంట్లో ఎవరికీ గుండె జబ్బు లేని నువ్వు దీనికోసం నలభై వేలు పెట్టడం నాకు నచ్చలేదు.

నాకు ఇంకో భయం ఉంది, కోపం తెచ్చుకోకు. నువ్వు ప్రతిదీ వెతికి చూసుకుని టెన్షన్ పడే రకం. ఇంటర్ పరీక్షల ముందు హాస్టల్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి, అమ్మా గుండె దడదడమంటోంది అన్నావు. మూడంతస్తుల మెట్లు పరుగున ఎక్కి వచ్చి నాడి పట్టుకున్నావని తర్వాత తేలింది. చేతికి ఎప్పుడూ ఒక అంకె కనిపిస్తుంటే నువ్వు ఊరుకుంటావా? కుదురుగా కూర్చున్నప్పుడు 60 నుంచి 100 లోపు మామూలే, నిద్రలో 50లలోకి దిగినా ఏమీ కాదు, మెట్లెక్కితే పెరుగుతుంది, కోపం వస్తే పెరుగుతుంది, జ్వరం ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే పది దాకా పెరుగుతుంది. నాడి వల్ల ఉపయోగం ఏ రోజుకారోజు అంకెలో లేదు. కూర్చున్నప్పుడు ఉండే నాడి వారాల తరబడి ఎట్లా నడుస్తోందో చూడటంలో ఉంది. మామూలుగా 68 ఉండేది నాలుగు రోజులుగా 80 ఉంటే నిద్ర లేదనో, జ్వరం వచ్చేట్టుందనో, పని ఎక్కువైందనో తెలుస్తుంది. అది నాలుగు వేల వాచీ కూడా చెబుతుంది.

నిద్రకు మార్కులు వేసే దాన్ని మాత్రం ఆపెయ్. నిద్ర పరీక్షలో తలకు తీగలు అంటించి మెదడును చూస్తారు. వాచీ చూసేది నీ చెయ్యి కదలికను, నాడిని. ఎంతసేపు పడుకున్నావో దాదాపుగా చెప్పగలదు, గాఢ నిద్ర ఇన్ని నిమిషాలు అనేదాన్ని పట్టించుకోవద్దు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పొద్దున్నే, నిద్ర 54 మార్కులు అని చూసుకుంటే ఆ రోజు నీరసం అక్కడి నుంచే మొదలవుతుంది.

అడుగుల లెక్క సరదాగా చూసుకో. పదివేలు అనేది డాక్టర్లు చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మినవాళ్లు పెట్టుకున్న అంకె. అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. అందులో 7,500 అడుగులు దాటాక అదనంగా మేలేమీ కనిపించలేదు, 4,400 నడిచినవాళ్లే 2,700 నడిచినవాళ్లకంటే ఎంతో నయంగా ఉన్నారు. పైగా వాచీకి కాళ్లు కనిపించవు, చెయ్యి ఊగడమే కనిపిస్తుంది. మాస్టారి భార్య ఆ వాచీ పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టింది. పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే వందల అడుగులు నడిచేసిందట. నేను స్ట్రెచర్ నెట్టుకుంటూ వార్డులన్నీ తిరిగితే, చేతులు కడ్డీ మీదే ఉంటాయి కాబట్టి, అందులో సగం కూడా లెక్కలోకి రాకపోవచ్చు.

అయితే నీకు పనికొచ్చేది ఒకటుంది. మీ చుడీదార్లకు జేబులు పెట్టరు కదా. ఫోన్ బ్యాగులో అడుగున ఉంటుంది, నేను చేస్తే ఎత్తవు. రాత్రి క్యాబ్‌లో వస్తున్నప్పుడు నా ఫోన్ నీ చేతి మీద గర్రుమంటే చాలు, నాకు నిద్ర పడుతుంది. నా ఫోన్, నాయన ఫోన్, ఆఫీసు ఫోన్, అంతే పెట్టుకో. వాట్సాప్ గ్రూపులన్నీ చేతికి తగిలించుకున్నావంటే మీ పెదనాయన పొద్దున్నే పంపే పూల బొమ్మలకు కూడా ఉలిక్కిపడతావు.

కొనేముందు నీ రూమ్‌మేట్ వాచీ కొన్నాళ్లు అడిగి పెట్టుకో. చార్జింగ్ పెట్టడం విసుగనిపిస్తుందా, ఊరికే దాన్నే చూస్తున్నావా, చర్మం పడుతుందా చూడు. చెమటకు రబ్బరు పట్టీ కింద ఎర్రగా దద్దుర్లు వస్తాయి. రాత్రి తీసి, తడి తుడిచి, ఆరాక పెట్టుకోవాలి. యాప్ అడిగే అనుమతులన్నిటికీ సరే అనొద్దు. నాడి చూడటానికి నీ కాంటాక్టులు దానికెందుకు? ఇవన్నీ చూశాక కూడా కావాలనిపిస్తే నాలుగు వేలది తీసుకో, నేనేమీ అనను.

మీ నాయన మణికట్టు లావు, పట్టీ పొడుగ్గా ఉన్నది చూడు. బిల్లు పారేయకు, వారంటీకి అడుగుతారు. ఇంటికి పార్సిల్ పంపకు, ఉగాదికి వచ్చినప్పుడు నీ చేత్తోనే పెట్టు. నేను కొనిపించానని మాత్రం చెప్పకు, తెలిస్తే పెట్టుకోడు.

ఇట్లు,
అమ్మ