సంఘం వార్షిక నివేదిక: ‘ఎవరైనా’ అంటే ఎవరూ రాలేదు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధన ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పి విసిగించను. ఈ ఏడాది భవనం కట్టలేదు, శిలాఫలకం వేయలేదు. చేసినవన్నీ చిన్న పనులే. అయినా నేను ఈ కుర్చీలో కూర్చున్నాక బాగా తృప్తినిచ్చిన ఏడాది ఇదే.

ముందు పొద్దుటి ఫోన్ల సంగతి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు రోజూ ఎనిమిదిలోపు ఫోన్ చేసి, “లేచారా, ఒంట్లో ఎలా ఉంది, మందులున్నాయా” అని అడగాలి. రెండు నిమిషాల పని. ఎండలు ముదరకముందు ఈ ప్రతిపాదన పెడితే కమిటీలోనే కొందరు నవ్వారు. 1995 జులైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరి వృద్ధులు. తలుపు తట్టేవాళ్లు లేక కొందరి సంగతి రోజులు గడిచాక గానీ బయటపడలేదు. ఈ మాట చెప్పాక నవ్వులు ఆగాయి.

మన రిటైర్డ్ లెక్కల మాస్టారు మీకందరికీ తెలుసు. రెండో రింగుకే ఫోన్ ఎత్తి, “ఇవాళ నాలుగు నిమిషాలు లేటు” అనడం ఆయన అలవాటు. ఒకరోజు మూడుసార్లు చేసినా ఎత్తలేదు. ఫోన్ చేసిన అమ్మాయి కాలేజీకి బయల్దేరబోతూ ఆగిపోయి, పక్కింటావిడకి చెప్పింది. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచమని ఆయన్ని నెల ముందే ఒప్పించాం (ఒప్పించడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది, అది వేరే కథ). తలుపు తీసేసరికి మాస్టారు బాత్రూమ్ గడప దగ్గర పడి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. తడి తువ్వాలు చేతిలోనే ఉంది. “ఫోన్ మోగడం వినిపిస్తూనే ఉందమ్మా. మూడోసారి మోగాక ఇక ఎవరో ఒకరు వస్తారని ధైర్యం వచ్చింది” అన్నారట. ఇవాళ వాకర్ పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నివేదిక ఆలస్యంగా మొదలైందని ఇప్పటికే అన్నారు కూడా.

ఇక కాస్త కటువుగా మాట్లాడాలి. ఈ ఫోన్ల కోసం మొదట మన గ్రూపులో “ఎవరైనా ముందుకు రావాలి” అని మెసేజ్ పెట్టాను. బొటనవేళ్లు, దండాలు పెట్టే బొమ్మలు బోలెడు వచ్చాయి. మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు. వారం చూసి, కోపం దిగమింగుకుని, ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. “మీకు గురువారం. ఇద్దరికి ఫోన్ చేయాలి. కుదురుతుందా?” అంటే కాదన్నది ఇద్దరే. బొమ్మలు పెట్టినవాళ్లే ఒప్పుకున్నారు!

దీని గుట్టు నాకు సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే ప్రయత్నం) శిక్షణ రోజున తెలిసింది. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలని చూపించాక శిక్షకురాలు ఒక మాటన్నారు: “ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి అని అరవొద్దు. ఒకరికి వేలు చూపించి, నీలం చొక్కా, మీరు చేయండి అనండి.” 1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గురించి కూడా ఆవిడే చెప్పారు. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించారు. తామొక్కరమే వింటున్నామనుకున్నవాళ్లలో 85 శాతం మంది అది ఆగకముందే సాయం కోసం కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే. కాబట్టి మనవాళ్లు మంచివాళ్లు కాదని నేను అనుకున్నది తప్పు. అడగడం చేతకాలేదు, అంతే. అయినా శిక్షణకు పేరిచ్చి రానివాళ్లను దీనికింద మాఫీ చేయలేను. వాళ్ల కోసం వేసిన కుర్చీలు మళ్లీ నేనే మోశాను.

రక్తదానం విషయంలో ఈసారి పద్ధతి మార్చాం. ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు, ఎర్ర కణాలైనా 42 రోజులే. అందరం ఒకేరోజు ఇచ్చేసి ఫొటోలు దిగితే తర్వాత అవసరం పడ్డవాళ్లకు ఏం ఒరుగుతుంది? అందుకే రక్తం గ్రూపులవారీగా దాతల జాబితా రాసుకుని, నెలకు కొందరిని పిలుస్తున్నాం. ఫొటోలు లేవని అలిగినవాళ్లు క్షమించాలి.

ర్యాంపు కోసం ఒక కార్యాలయంలో ఇచ్చిన అర్జీ గురించి చెప్పడానికేమీ లేదు. నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ సారు మీటింగులో ఉన్నారు. అప్పటిదాకా చక్రాల కుర్చీని మెట్లు ఎక్కిస్తున్న కుర్రాళ్లిద్దరికీ దండం.

జమాఖర్చుల పట్టిక వెనక జతచేశాం, ఆడిటర్ సంతకం ఉంది. కొద్దిగా మిగులే. అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగండి.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. అధ్యక్షులకు, తాళంచెవి జాగ్రత్తగా దాచిన పక్కింటావిడకి, ఆ రోజు క్లాసు పోగొట్టుకున్న అమ్మాయికి, శిక్షకురాలికి, హాలు ఊడ్చి తాళం వేసే ఆయనకి, ఏ కమిటీలోనూ లేకుండా అన్ని పనుల్లో ఉండే ఆ నలుగురికి. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయలేదు.

చివరగా, పొద్దుటి ఫోన్ల పట్టికలో మంగళవారం గడి ఖాళీగా ఉంది. చేస్తున్న ఆయనకి బదిలీ అయింది. ‘ఎవరైనా’ అని అడగను. ఎవర్ని అడగాలో అనుకునే వచ్చాను. వెనక తలుపు దగ్గర కూర్చున్న మీరే సార్, సమావేశం అయ్యాక ఒక్క నిమిషం ఆగండి.

కార్యదర్శి