క్యాన్సర్ గోలీలు: పరగడుపునా, తిన్నాకా?

సంపాదకుడు గారికి,

కొలెస్ట్రాల్ క్యాన్సర్‌ను పెంచుతుందంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు చూసి, రొమ్ము క్యాన్సర్, ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు గుడ్డు, మటన్, నెయ్యి ఒక్కసారే మానేస్తున్నారు. కొందరైతే గుండెకు వాడే, కొవ్వు తగ్గించే స్టాటిన్ గోలీలు సొంతంగా కొని మొదలుపెడుతున్నారు. ఆ సందేశాల్లో సగం నిజమే ఉంది. ఆ సంగతితోపాటు ప్రొస్టేట్ క్యాన్సర్ గోలీ అబిరాటెరోన్‌ను పరగడుపునే ఎందుకు వేసుకోవాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్, కార్టిసాల్ హార్మోన్లు ఒంట్లో కొలెస్ట్రాల్ నుంచే తయారవుతాయి. అవి కణంలోకి పోయి న్యూక్లియర్ రిసెప్టర్లనే ప్రొటీన్లకు అతుక్కుంటాయి. ఆ జోడీ డీఎన్ఏ మీద చేరి కొన్ని జన్యువులతో పని చేయిస్తుంది. రొమ్ములో ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొస్టేట్‌లో ఆండ్రోజెన్ రిసెప్టర్ (టెస్టోస్టెరాన్ అతుక్కునేది) కణితి పెరుగుదలకు దారి ఇచ్చేది ఇలాగే. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ఇంకో మెలిక చూపించారు. కొలెస్ట్రాల్ నుంచి పుట్టే 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ తానే ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కు అతుక్కుని ఎలుకల్లో రొమ్ము కణితులను పెంచింది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే లెట్రోజోల్ గోలీ ఈస్ట్రోజెన్ తయారీని ఆపుతుంది గానీ దీన్ని ఆపలేదు, ఇది తయారయ్యే దారే వేరు.

అయితే అది ఎలుకల్లో సంగతి. స్టాటిన్ గోలీలు కలిపితే మనుషుల్లో రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందా అని తేల్చడానికి డెన్మార్క్‌లో పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. అది తేలేదాకా స్టాటిన్ క్యాన్సర్ మందు కాదు, రొమ్ము క్యాన్సర్ మందులైన టామోక్సిఫెన్‌కో లెట్రోజోల్‌కో బదులు అసలే కాదు. గుండెకో షుగర్‌కో డాక్టరు రాసి ఉంటే మాత్రం మానొద్దు. ఇక గుడ్డు సంగతి. పచ్చసొనలో ఉండేది దాదాపు 200 మి.గ్రా. కొలెస్ట్రాల్. ఒంట్లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఒళ్లే తయారు చేసుకుంటుంది. కీమోతో చిక్కిపోతున్న మనిషికి గుడ్డు ఆపితే పోయేది ప్రొటీనే.

మేము ముఖ్యంగా రాయదలచింది ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరాటెరోన్ గురించి. కొలెస్ట్రాల్‌ను టెస్టోస్టెరాన్‌గా మార్చే దారిలో ఒక ఎంజైమును ఇది మూసేస్తుంది. దీని నిర్మాణమూ స్టెరాయిడ్‌దే, నీళ్లలో కరగదు, కొవ్వు దొరికితే బాగా కలిసిపోతుంది. మామూలు మోతాదు 1000 మి.గ్రా., అంటే 250 మి.గ్రా. గోలీలు నాలుగు, ఒకేసారి, రోజుకు ఒక్కసారే. మెడికల్ షాపుల్లో ఏ గోలీ ఇచ్చినా నోటికొచ్చే మాట "తిన్నాక వేసుకో". ఈ గోలీకి ఆ మాట ప్రమాదం. కొవ్వు తక్కువున్న టిఫిన్‌తో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు పరగడుపుతో పోలిస్తే దాదాపు 5 రెట్లు, నూనె ఎక్కువున్నదానితో 10 రెట్లు అవుతుంది. ఒకరోజు ఇడ్లీ, మరునాడు పూరీ తింటే ఒంట్లోకి పోయే మోతాదు ఏ రోజుకారోజు మారిపోతుంది. తక్కువ మోతాదును టిఫిన్‌తో ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కానీ అది డాక్టరు లెక్క కట్టి చెప్పాల్సింది.

తేలికైన మార్గం తెల్లవారుజామున లేవగానే వేసుకోవడం. అంతకుముందు 2 గంటలు, తర్వాత గంటసేపు ఏమీ తినొద్దు, చాయ్ కూడా వద్దు. నమలకుండా, పొడి చేయకుండా నీళ్లతోనే మింగాలి. ఒకరోజు మరిచిపోతే మరునాడు మామూలుగానే వేసుకోవాలి, రెండింతలు కాదు. విరిగిన గోలీని గర్భిణులు చేత్తో ముట్టొద్దు.

దీనితోపాటు రాసే 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ మాత్రం తిన్నాకే వేసుకోవాలి. స్టెరాయిడ్ అని భయపడి దీన్ని మానేసేవాళ్లున్నారు. ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. అబిరాటెరోన్ ఒక దారి మూసేయగానే కార్టిసాల్ పడిపోతుంది. అది తగ్గిందని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి అడ్రినల్ గ్రంథులను గట్టిగా తోస్తుంది. ఆ తోపుడుకు కొలెస్ట్రాల్ తెరిచి ఉన్న ఇంకో దారిన పోయి ఉప్పును, నీటిని పట్టి ఉంచే హార్మోన్లుగా మారుతుంది. బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి, పొటాషియం తగ్గి పిక్కలు పట్టేస్తాయి, గుండె దడదడలాడుతుంది. ఈ తోపుడును ఆపేది ప్రెడ్నిసోలోనే. అందుకే బీపీ, పొటాషియం నెలనెలా చూడాలి. లివర్ పరీక్ష మొదటి 3 నెలలు 15 రోజులకోసారి, తర్వాత నెలకోసారి చేయించాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడాల్సి వస్తే అబిరాటెరోన్ సంగతి అక్కడ ముందే చెప్పాలి, ఒంట్లో దీని బలం సగానికి పైగా పడిపోతుంది.

లెట్రోజోల్‌తో ఎముకలు పలచబడతాయి. మునుగోడు, మర్రిగూడ వైపు దీనికి ఇంకో చిక్కు ఉంది. అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముక సాంద్రతను పెంచుతుంది గానీ గట్టిదనం ఇవ్వదు. అందుకే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కానులో అంకె బాగున్నా ఎముక బాగున్నట్టు కాదు. ఏ ఊరి నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పాలి. నడుము నొప్పిని "ఫ్లోరైడేలే" అని వదిలేయొద్దు, క్యాన్సర్ ఎముకకు పాకినా నొప్పి అలాగే ఉంటుంది.

స్టాటిన్ వాడేవాళ్లు తరచూ అడిగే బత్తాయి గురించీ ఒక మాట. మన నల్లగొండ బత్తాయి తియ్య నారింజ జాతి, దానితో ఇబ్బంది లేదు. పంపర పనస మాత్రం సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌ల మోతాదును రక్తంలో పెంచగలదు.

ఆసుపత్రి ఫార్మసీలు, మెడికల్ షాపుల వారికి మా విన్నపం ఒక్కటే. అబిరాటెరోన్ కవరు మీద గీతలు, టిక్కులు కాకుండా తెలుగులో ఇలా రాసివ్వండి: "తెల్లవారుజామున పరగడుపున, నీళ్లతో. గంటదాకా ఏమీ తినొద్దు." ప్రెడ్నిసోలోన్‌ను వేరే కవరులో పెట్టి "తిన్నాక, మానొద్దు" అని రాయండి. చదవడం రానివాళ్లయితే వెంట వచ్చినవారికి ఒకసారి చదివి వినిపించండి.

ఇట్లు,
ఫార్మసీ అధ్యాపకులు, నల్లగొండ