ఫినిష్డ్ బర్బన్ షెల్ఫ్ సగానికి తగ్గిస్తున్నాం

కస్టమర్లందరికీ నమస్కారం.

అంబురానా అనే చెక్కతో ఫినిష్ చేసిన బర్బన్ సీసాలు ఎందుకు తీసేస్తున్నారని చాలామంది అడుగుతున్నారు. కారణం ఉన్నదున్నట్టు చెప్తాను.

బర్బన్ అంటే అమెరికా విస్కీ. దానికి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. రంగు, రుచి బయటినుంచి కలపకూడదు. కాబట్టి రుచిలో పెద్ద వాటా చెక్కదే. అలా తయారైనదాన్ని ఇంకో చెక్కతో మరికొంత కాలం ఉంచడమే ఫినిషింగ్.

మేకర్స్ మార్క్ 46 అనే బర్బన్‌కు పీపాలోకి పది ఫ్రెంచ్ ఓక్ పలకలు దించుతారు. ఉడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్‌కైతే రెండో పీపాను సెగ మీద బాగా వేయించి, తర్వాత పైపైన మాత్రమే కాలుస్తారు. సెగ నిదానంగా తగిలితే చెక్కలోంచి వెనిలా, కారమెల్ వాసనలు బాగా పైకొస్తాయి. ఏంజెల్స్ ఎన్వీ వాళ్లు పోర్ట్ వైన్ పీపాలు వాడతారు. వీటిలో అసలు బర్బన్ ఇంకా తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఇవి మూడూ షెల్ఫ్‌లోనే ఉంటాయి.

అంబురానా సంగతి వేరు. ఇది బ్రెజిల్‌లో కషాసా అనే చెరకు సారాకు వాడే చెక్క. దాల్చినచెక్క వాసన గుప్పుమంటుంది. మొదటి గుటక నిజంగా బాగుంటుంది. గ్లాసు సగమయ్యేసరికి దాల్చినచెక్క తప్ప ఇంకేమీ మిగలదు. పక్కన మిరియాల చికెన్ వేపుడు ఉంటే మసాలా మీద మసాలా అవుతుంది. వయసు చాలని బర్బన్‌లోని పచ్చిదనం కూడా ఈ వాసన చాటున దాక్కుంటుంది. దానికి మీతో ఎక్కువ ధర పెట్టించడం నాకు ఇష్టం లేదు. పీపాలో బాగా మాగిన బర్బన్‌తో చేసిన అంబురానా ఒక్కటి ఉంచుతున్నాను. మిగిలినవి కొన్న ధరకే ఇచ్చేస్తాం. ఇష్టపడేవాళ్లు ముందే చెప్తే తెప్పిస్తాను కూడా.

శనివారం సాయంత్రాలు మామూలు మేకర్స్ మార్క్‌నీ 46నీ, ఉడ్‌ఫర్డ్‌నీ డబుల్ ఓక్డ్‌నీ పక్కపక్కనే పోసి రుచి చూపిస్తాం. ముందు ఏమీ కలపకుండా, తర్వాత నాలుగు చుక్కల నీళ్లతో చూడండి. ఐస్ మాత్రం ఆ కాసేపు వద్దు, చల్లబడితే వాసన అణిగిపోతుంది. 21 ఏళ్లు నిండినవాళ్లకే, ఐడీ తప్పనిసరి. డ్రైవ్ చేసేవాళ్లు, తిరిగి బండి నడపడానికి తాగనివాళ్లను ఎవరినైనా తోడు తెచ్చుకోండి.